పసుపు దారం కట్టిన జవాబు కాగితం

జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరే ఆడవాళ్ళకి గొంతు పెద్దదని కోవిల్‌పట్టిలో అందరూ అంటారు. ఆ యంత్రాల మోతలో పక్కమనిషికి మాట వినబడాలంటే అరవక తప్పదు. అలా అరిచి అరిచి అలవాటై, ఇంటికొచ్చి ఉప్పు అందుకోమన్నా వీధి చివరిదాకా వినబడుతుంది. బొమ్మక్క తల్లి ఆ గొంతును కూతురికిచ్చి, పిల్ల చిన్నగా ఉండగానే కలరాకి పోయింది. గొంతుతో పాటు మొండితనం కూడా ఇచ్చిపోయిందని నాయనమ్మ మాయక్కాళ్ రోజుకొకసారైనా గొణిగేది. ఆ గొణుగుడులో సగం తిట్టు, సగం మురిపెం.

తండ్రి గురుసామి దీనికంతా ఎదురు. నోట్లో నాలుక లేని మనిషని పేరు. అదే మిల్లులో పత్తి గింజ తీసే జిన్ను యంత్రం దగ్గర పని. ఒకనాడు కుడిచేతి రెండు వేళ్ళు యంత్రంలో పడి పోయాయి. కట్టు కట్టకముందే మిల్లు గుమాస్తా ఒక కాగితం తెచ్చి, మిగిలిన బొటనవేలికి సిరా పూసి ముద్ర వేయించుకున్నాడు. వైద్యానికి కాబోలు అనుకున్నాడు గురుసామి. తరవాత నష్టపరిహారం సంగతి కదిపితే, "నీ అజాగ్రత్త వల్లే జరిగిందని నువ్వే ఒప్పుకున్నావు కదయ్యా" అని ఆ గుమాస్తాయే నవ్వుతూ చెప్పాడు. గురుసామి తిరిగి ఇంటికొచ్చాడు. మర్నాడు కూతుర్ని తీసుకెళ్ళి బడిలో వేశాడు. ఎందుకని అడిగినవాళ్ళకి, "ఇంట్లో ఒకరికన్నా సదువు గావాల" అని మాత్రం అన్నాడు.

బడిలో చదువంతా తమిళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఆ వీధిలో పిల్లలందరిదీ అదే బతుకు కాబట్టి దాన్ని ఎవరూ కష్టమనుకోలేదు. కష్టమల్లా చుట్టాలతోనే వచ్చింది. ఆడపిల్ల అయిదో తరగతి దాటేసరికి "ఇంక చాలు" అన్నారు. ఆరు దాటితే తండ్రిని చూసి "వీడికి పిచ్చి" అన్నారు. ఎనిమిదికి వచ్చేసరికి బొమ్మక్క మేనమామ సుబ్బురాజ్ విళాత్తికుళం నుంచి బండి కట్టుకుని వచ్చి, తన కొడుక్కి పిల్లనిమ్మని కూచున్నాడు. సుబ్బురాజ్‌కి నల్లరేగడి భూమి ఉంది, మిరప వేస్తాడు. కొడుకు కూడా చెడ్డవాడేమీ కాదు. కాకపోతే అతణ్ణి చేసుకుంటే బొమ్మక్కకి జన్మంతా మిరపచేనే గతి. ఆ పిల్లకేమో పంతులమ్మ కావాలని ఉంది. మనసులో పెట్టుకోవడం దాని వంటికి సరిపడదు కనక వీధి వీధంతటికీ ఆ సంగతి తెలుసు.

చివరికి పెద్దవాళ్ళంతా కూచుని ఒక మాట అనుకున్నారు. ఎనిమిదో తరగతి సర్కారు పరీక్ష బొమ్మక్క ఒక్కసారి రాస్తుంది. పాసయితే ట్రైనింగు బడికి పంపుతారు. పోతే శ్రావణం వెళ్ళకుండా, అరవ నెల ఆవణిలో పెళ్ళి. గురుసామి నలుగురిలో తల ఊపాడు. సుబ్బురాజ్ సంతోషంగా బండెక్కాడు. ఆడపిల్ల సర్కారు పరీక్ష గట్టెక్కడం ఎక్కడైనా ఉందా అని అతని ధీమా.

అది 1932. ఆడపిల్లలకి వేరే గది ఏర్పాటు చేసినది విరుదునగర్ సెంటర్లోనే కాబట్టి అక్కడికి వెళ్ళి రాయాలి. బయల్దేరేటప్పుడు మాయక్కాళ్ ఇలవేలుపు జక్కమ్మ దీపం ముందు పసుపు పూసిన నూలుదారం పెట్టి, మొక్కుకుని, మనవరాలి చేతికి కట్టింది. వాళ్ళ ఇళ్ళల్లో దాన్ని కాపు అంటారు. అనుకున్న పని ముగిసేదాకా కాపు ఇప్పకూడదు. ఇప్పితే అమ్మవారికి ఇచ్చిన మాట మధ్యలో తెంపేసినట్టు.

"పరీచ్చ ముగిసి, విరుదుపట్టి నుంచి రైలు దిగి, ఇంటికొచ్చినాక నేనే ఇప్పుతా. నువ్వు సెయ్యి ఎయ్యగూడదు, తెలిసిందా?" అంది ముసలామె. ఊరి పేరు విరుదునగరని మార్చి ఏళ్ళయినా ఆమె నోటికది పట్టలేదు.

"తెలిసింది అవ్వా" అంది బొమ్మక్క.

పరీక్షలన్నాళ్ళూ విరుదునగర్‌లో దూరపు చుట్టాలింట్లో ఉంది. లెక్కలు బాగా రాసింది. తమిళం ఇంకా బాగా రాసింది. ఆఖరి రోజు చరిత్ర, భూగోళం. ఆ పిల్లకి చరిత్రంటే ప్రాణం. ఒక్కొక్క రాజు గురించి చుట్టం సంగతి చెప్పినట్టు రాసుకుంటూ పోయి, ఇచ్చిన జవాబు పుస్తకం నింపేసి, అదనపు కాగితాలు అడిగి అవీ నింపేసింది. గదిలో మిగతా ఆడపిల్లలు ముందే ఇచ్చేసి వెళ్ళిపోయారు.

అదనపు కాగితాలు తీసుకున్నవాళ్ళు వాటిని అసలు పుస్తకానికి కలిపి దారంతో కట్టి ఇవ్వాలి. విడి కాగితాలు దిద్దరు. ఆ మాట హాల్ టికెట్ వెనక పెద్ద అక్షరాల్లో ఉంది. దారం ఇవ్వవలసినది గది సూపర్‌వైజరు. ఆ మహానుభావుడు తెల్లదారం ఉండ జేబులో పెట్టుకుని, వరండాలో స్తంభానికి జారగిలబడి, ఆకు వక్క నములుతూ ఎవరితోనో పొలం తగాదా సంగతి మాట్లాడుతున్నాడు. బొమ్మక్క లేచి నిలబడి దారం అడిగింది. "ఉండు, వస్తున్నా" అన్నాడు. కాసేపాగి మళ్ళీ అడిగింది. చెయ్యి ఊపాడు. మూడోసారి, మిల్లు గొంతుతో అడిగింది. "అరవకు, ఇది పరీక్ష గది" అని కసిరి తగాదాలో మళ్ళీ పడ్డాడు.

బెల్లు కొట్టారు.

ఆ క్షణంలో బొమ్మక్క ఏమీ ఆలోచించలేదు. ఎడమచేతి కాపు పళ్ళతో లాగి ఇప్పింది. కాగితాల మూలల్లో ముందే గుచ్చి ఉన్న రంధ్రాల్లో దూర్చి, పత్తిమూట బిగించినట్టు రెండు ముళ్ళు వేసింది. సూపర్‌వైజరు పరుగున వచ్చి, చూడకుండానే కాగితాలు లాక్కుని పోయాడు. బొమ్మక్క హాయిగా ఊపిరి పీల్చుకుని బయటికొచ్చింది.

గేటు దగ్గర అరుప్పుకోట్టై నుంచి వచ్చిన సీనియమ్మాళ్ ఆమె కోసం కాచుకుని ఉంది. నేతపనివాళ్ళ పిల్ల, బాగా చదువుతుంది, నిబంధనలన్నీ కంఠతా పట్టింది. బోసి మణికట్టు చూసి సంగతడిగి, అంతా వింది. హాల్ టికెట్ తిప్పి, అడుగున ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది. జవాబు పుస్తకం మీద రాసినవారెవరో తెలిపే పేరు గాని, గుర్తు గాని, దేవుడి పేరు గాని, రంగు దారం గాని ఉంటే ఆ పేపరు రద్దు.

"రంగు దారమని కూడా రాశారా?" అంది బొమ్మక్క.

"అదిగో, రాశారు" అంది సీనియమ్మాళ్.

రైల్లో కూచున్నాక మొదట దారం గురించే భయపడింది. సాత్తూరు వచ్చేసరికి మిగతా భయాలన్నీ ఒకదాని వెనక ఒకటి ఎక్కి కూచున్నాయి. అదనపు కాగితాల మీద నంబరు వేసిందా? మొదటిదాని మీద వేసింది, అది గుర్తే. రెండోదాని మీద? లెక్కల పరీక్షనాడు సిరా అయిపోతే పక్కపిల్ల సిరా తీసుకుంది, రంగు తేడా వచ్చిందేమో. తమిళం పేపర్లో ఖాళీ వదిలిన పేజీ మీద అడ్డగీత కొట్టాలన్నారు, కొట్టిందా లేదా? తెలిసిన జవాబులన్నీ మరిచిపోయి, చెయ్యని తప్పులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కోవిల్‌పట్టిలో దిగేసరికి ఆ పిల్ల తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంట్లో మాయక్కాళ్ మొదట చూసింది మొహం కాదు, మణికట్టు.

"ఏ పిల్లా, కాపు ఏడే?"

"కాగితానికి కట్టినా అవ్వా."

"కాగితానికా?"

బొమ్మక్క జరిగినదంతా చెప్పింది. మాయక్కాళ్ ఆ పూట సజ్జల కంబంగూడు ముట్టలేదు. జక్కమ్మ దీపం ముందు కూచుని ఆ సూపర్‌వైజర్ని ఏడు తరాల దాకా తిట్టింది, ఆ తరవాత మనవరాల్ని తిట్టింది, ఆ తరవాత పరీక్షలు కనిపెట్టిన తెల్లదొరల్ని తిట్టింది. అంతా అయ్యాక కళ్ళు తుడుచుకుని ఒక తీర్పు చెప్పింది.

"ఆయమ్మ దారం ఆయమ్మే ఇచ్చినాది. నీకు అక్కర పడినాది, వాడినావు. ఆయమ్మకి లేని కోపం ఆ కాగితాలోళ్ళకి యాల?"

ఆ మాటతో దేవత భయం ఒక్కటి తీరింది. సర్కారు భయం మిగిలింది. బొమ్మక్క సరిగ్గా తినక, నిద్రపోక, గోళ్ళు కొరుక్కుంటూ తిరిగింది. బడి లేని ఆ రోజుల్లో పత్తి ఏరడానికి మిల్లుకి వెళ్ళినా పత్తిలో గింజలు వదిలేసి మేస్త్రీతో తిట్లు తింది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే సంగతి చెప్పింది. ఒకరు సెంటర్ సూపరింటెండెంట్ కాళ్ళు పట్టుకోమన్నారు, ఒకరు గుట్టుగా ఊరుకోమన్నారు. ఎవరి మాట విన్నా భయం రెండింతలయింది.

అయితే బొమ్మక్క స్వభావానికి భయం ఎక్కువ రోజులు పట్టదు. కొన్నాళ్ళకి ఆ భయం మీదే విసుగొచ్చింది. విసుగు ముదిరి కోపమయింది. తప్పెవరిది? రాసింది తను. అడిగింది తను. దారం జేబులో పెట్టుకుని పొలం తగాదా తీర్చినవాడు హాయిగా నిద్రపోతుంటే తను గోళ్ళు ఎందుకు కొరుక్కోవాలి? ఇలా అనుకున్న రోజు కడుపునిండా తింది. అది తను పిల్లకి దిష్టి తీసినందువల్లనే అనుకుంది మాయక్కాళ్.

పిలుపు రానే వచ్చింది. తండ్రిని వెంటబెట్టుకుని విరుదునగర్ రావలసిందని, సెంటర్ సూపరింటెండెంట్ రంగరాజన్ బడికి కబురు పంపాడు. గురుసామి మిల్లులో ఒక పూట సెలవు అడిగి, మెడలో తుండుగుడ్డ సర్దుకుని కూతురితో రైలెక్కాడు.

రంగరాజన్ మంచి మాటకారి, చూడగానే గౌరవం కలిగే పెద్దమనిషి. ఇద్దర్నీ కూచోమన్నాడు. కూతురు కూచుంది, తండ్రి కూచోలేదు. గోడ పక్కన ఆ సూపర్‌వైజరు నేల చూపులు చూస్తూ నిలబడి ఉన్నాడు. కాగితాలు మూటకట్టేటప్పుడు పసుపు దారం తన కంటబడిందని, ఆ పేపరు పంపకుండా ఆపి ఉంచానని రంగరాజన్ తమిళంలో నెమ్మదిగా చెప్పాడు.

"భయపడకమ్మా. పిల్లవి, తెలియక చేశావు. నేనే ఒక కాగితం రాసిపెట్టాను. సంతకం చెయ్యి. క్షమించమని నేను సిఫారసు రాస్తాను. పేపరు దిద్దుతారు. మీ నాన్న కింద ముద్ర వేస్తే చాలు."

కాగితం ముందుకు తోశాడు. రాత ముత్యాల్లా ఉంది. బొమ్మక్క మొదటి నుంచి చివరిదాకా చదివింది. మళ్ళీ చదివింది. తరవాత తండ్రి వైపు తిరిగి, ఇంటి భాషలో, ఒక్కొక్క ముక్కా చెప్పింది.

"నాయినా, ఇందులో ఇట్టా ఉంది. సూపర్‌వైజరు అయ్య నాకు తెల్లదారం ఇచ్చినారంట. నేనే దాన్ని పారేసి, పొగరుబట్టి పసుపు దారం కట్టినానంట. నా తప్పు మన్నించమని అడుగుతాండానంట."

బొమ్మక్క రంగరాజన్ వైపు తిరిగింది.

"ఇది జరగలేదయ్యా. నేను మూడుసార్లు దారం అడిగాను. ఆయన వరండాలో ఉన్నారు. బెల్లు కొట్టారు. నా చేతి దారం తీసి కట్టాను. ఇది రాసిమ్మంటే రాసిస్తాను."

"అలా రాస్తే ఈయన ఉద్యోగం సంగతి ఆలోచించావా?"

"నా పరీక్ష సంగతి ఈయన ఆలోచించారా అయ్యా?"

సూపర్‌వైజరు ఇంకా కిందికి చూశాడు. రంగరాజన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కోపగించుకోలేదు. ఇంకా మెత్తగా మాట్లాడాడు, అదే బొమ్మక్కకి కష్టమనిపించింది.

"నీ మేలు కోరే చెప్తున్నాను. నువ్వన్నట్టు రాస్తే విచారణ అవుతుంది. విచారణ తేలేదాకా నీ పేపరు కదలదు. ఈ ఏడు పోయినట్టే. ఒక్క సంతకంతో తీరేదానికి ఎందుకు మొండిపట్టు? ఈ కాగితం ఊళ్ళో ఎవరూ చూడరు."

ఆ గదిలో కాసేపు బొమ్మక్కకి నిజంగానే సంతకం పెట్టేద్దామనిపించింది. దాచడమెందుకు, కలం అందుకుంది కూడా. ట్రైనింగు బడి, పలక మీద తను రాసే అక్షరాలు, ఎదురుగా పిల్లలు, అన్నీ కళ్ళ ముందు కదిలాయి. ఇంకోవైపు సుబ్బురాజ్ మామ బండి. ఒక్క అబద్ధం, ఆ పైన ఎప్పుడూ ఆడనక్కర్లేదు. కలం ముంచింది. అప్పుడు రంగరాజన్ రాసిన కాగితాన్ని పక్కకి పెట్టి, ఖాళీ కాగితం లాక్కుని, తను చెప్పిన నాలుగు మాటలూ తన అక్షరాల్లో రాసింది. కింద పేరు రాసింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

"ఆడపిల్ల ఒక్కతే రాస్తే చెల్లదు. తండ్రి ముద్ర ఉండాలి" అన్నాడు రంగరాజన్. గురుసామి వైపు తిరిగాడు. "పెద్దాయనా, నువ్వయినా చెప్పు. ఈ రెండో కాగితం మీద వేస్తే నీ కూతురి ఏడాది పోతుంది. మొదటిదాని మీద వెయ్యి."

గురుసామి బల్ల దగ్గరికి వచ్చాడు. సిరా పెట్టె వైపు చూశాడు. మిల్లు మేస్త్రీ కసిరినా, చుట్టాలు వెక్కిరించినా తలే ఊపే మనిషి. ఇప్పుడూ ఊపుతాడనే బొమ్మక్క అనుకుంది.

"సామీ" అన్నాడు గురుసామి, తమిళం తెలిసినా తెలుగులోనే. "ఈ ఏలుతో ఒకనాడు నేను సదవకుండా ముద్ర ఏసినా. నాది గాని తప్పు నాదైపోయినాది. నా సేతి రెండు ఏళ్ళు తెగినదానికన్నా అది ఎక్కువ నొప్పి. ఈపొద్దు నా బిడ్డ సదివి సెప్పినాది. సదివినాక గూడ అట్టాంటి కాగితానికే ముద్ర ఏస్తే, దీన్ని బడికి పంపింది ఏంటికి?"

రంగరాజన్‌కి తెలుగు ఎంత అర్థమైందో తెలియదు. కాని గురుసామి బొటనవేలు సిరాలో అద్ది, కూతురు రాసిన కాగితం కింద గట్టిగా నొక్కడం అర్థమయింది. రెండు కాగితాలూ తీసుకుని సొరుగులో పెట్టుకున్నాడు. ఇంక వెళ్ళమన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆ తండ్రీ కూతుళ్ళు స్టేషను బయట ఆకుల్లో ఇడ్లీలు పెట్టించుకుని తిన్నారు. గురుసామి తన ఆకులోది ఒకటి తీసి కూతురి ఆకులో పెట్టాడు.

విచారణ అయిందో లేదో ఎవరూ చెప్పలేదు. ఫలితాలొచ్చాయి. సీనియమ్మాళ్ పాసయింది. బొమ్మక్క నంబరు లేదు. బడి గోడకి అంటించిన కాగితం ముందు నిలబడి, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసి, ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. నిజం చెప్పినందుకు ఏదో మంచి జరుగుతుందని ఏ మూలో ఆశ పెట్టుకుంది పాపం. ఆ ఆశ పోయినందుకే ఎక్కువ ఏడ్చింది. మర్నాడు లేచి మిల్లుకి పోయి, ఒక్క గింజ వదలకుండా పత్తి ఏరింది. "ఏమే టీచరమ్మా" అని పక్కనున్నది వెక్కిరిస్తే, "ఇంకా కాలేదు, అయినాక పిలువు" అంది.

ఆవణి రాకముందే సుబ్బురాజ్ వచ్చి బండి దిగాడు. తాంబూలం పళ్ళెం, పూలు, పండ్లు, వెంట ఇద్దరు పెద్దమనుషులు. మాయక్కాళ్ నీళ్ళిచ్చి చాప వేసింది. సుబ్బురాజ్ కూచుని, గొంతు సవరించుకుని, ఇంక ముహూర్తం పెట్టుకుందామన్నాడు.

గురుసామి నిలబడే ఉన్నాడు.

"ముహూర్తం లేదు సుబ్బురాజూ. బిడ్డ మళ్ళీ రాస్తాది."

"ఒక్కసారే అంటిరి గదా బావా. నలుగురిలో మాటిచ్చినారు."

"ఇచ్చినా. ఇప్పుడు తప్పుతాండా."

వచ్చిన పెద్దమనుషులు మొహమొహాలు చూసుకున్నారు. గురుసామి నోటివెంట అంత మాట వాళ్ళెన్నడూ వినలేదు.

"పిల్ల పరీచ్చ పోయినాదంటే ఊరే నవ్వుతాది" అన్నాడు సుబ్బురాజ్.

"నవ్వనీ. అబద్దం రాయమంటే రాయలా, అందుకు పోయినాది. వొచ్చే ఏడు రాస్తాది. అదీ పోతే ఆ పై ఏడు రాస్తాది. అదీ పోతే దాని పై ఏడు రాస్తాది."

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న బొమ్మక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చింది.

"అన్నేళ్ళు యాల నాయినా" అంది. "వొచ్చే ఏడు సాలు."

చాలింది.